దోక్‌దో మీద కాలు పెట్టాను, కౌంటర్ కుర్రాణ్ణి దాటుకుని

నిన్న రాత్రే తిరిగొచ్చాను, ఒళ్లు ఇంకా ఊగుతోంది. దోక్‌దో అంటే దక్షిణ కొరియా, జపాన్ రెండూ మాదంటే మాదనే రెండు బుల్లి ద్వీపాలు. కొరియాలో ఉన్న మనవాళ్లు అక్కడికి వెళ్లడం ఎలా అని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా.

కొరియా తూర్పు తీరంలోని పొహాంగ్ రేవు నుంచి ఉల్లుంగ్‌దో అనే ద్వీపం దాకా ఓడ ప్రయాణం, ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి దోక్‌దోకి ఇంకా 87 కిలోమీటర్లు. నరకం మొదలైంది ఆ టికెట్ దగ్గరే.

నా పేరులో ఇంటిపేరు, తాతగారి పేరు, అమ్మమ్మ మొక్కు అన్నీ ఉన్నాయి. బుకింగ్ సైటులో ఆ గడి సగంలోనే నిండిపోయింది. రేవులో కౌంటర్ కుర్రాడు పాస్‌పోర్టునీ టికెట్‌నీ అక్షరం అక్షరం పోల్చి "వేరే మనిషి" అనేశాడు. ఫోటో చూడమన్నాను, చూడలేదు. వెనక క్యూ అంతా చిన్న చిన్న కొరియా జెండాలు పట్టుకుని నన్నే చూస్తోంది. ఒక పెద్దావిడైతే నన్ను పక్కకి జరగమంది. పేరు కత్తిరించింది వాళ్ల సైటు, దొంగలా నిలబడింది నేను! చివరికి లోపలి నుంచి పెద్దాయన వచ్చి, పుట్టినతేదీ చూసి, అర నిమిషంలో పంపేశాడు. ఆ బుర్ర మొదటివాడికి ఎందుకు లేదో. మీరు మాత్రం పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ పట్టుకెళ్లండి, కుర్రాళ్లతో వాదించకుండా పెద్దవాళ్లని పిలవమనండి.

ఇక ఓడ ఎక్కినా దోక్‌దోలో దిగుతామన్న గ్యారంటీ లేదు. అక్కడి జెట్టీకి అలల నుంచి ఏ అడ్డూ లేదు. సముద్రం పొంగితే ఓడ ద్వీపం చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. మాకు దిగనిచ్చారు. తూర్పు ద్వీపం జెట్టీ మీద అరగంట కూడా ఉండనివ్వలేదు, మెట్లెక్కి పైకి పోనివ్వరు. మామూలు జనాన్ని రానిస్తున్నదే 2005 నుంచి.

జెట్టీ మీద సెల్యూట్ కొట్టి నిలబడ్డవాళ్లు సైనికులు కాదు, పోలీసులు. జపాన్ దీన్ని తకేషిమా అంటుంది, 1905లోనే తన షిమానె రాష్ట్రంలో కలుపుకున్నామంటుంది. 1950ల నుంచి కాపలా మాత్రం కొరియాదే. నాకైతే ఆ పోలీసులకి జపాన్ కంటే సముద్రమే పెద్ద తలనొప్పి అనిపించింది. ఓడ రాకపోతే సరుకులూ రావు, డ్యూటీ దిగాల్సినవాడు ఇంటికీ పోలేడు. రెండు రాళ్లగుట్టలు, మొత్తం 46 ఎకరాలు! మన ఊళ్లో ఒక మోతుబరి పొలమంత.

దిగినవాళ్లకి 'గౌరవ దోక్‌దో పౌరుడు' కార్డు ఇస్తారు, విదేశీయులకి కూడా. దిగకుండా చుట్టూ తిరిగొచ్చినా అర్హులే, టికెట్ పారేయకండి. నేను పొద్దున్నే దరఖాస్తు పెట్టేశాను.