తాతగారి డబుల్ బ్యారెల్, నా ట్రాప్ షూటింగ్ ముచ్చట

మా ఇంట్లో ఉన్న ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, తాతగారి నాటిది. కొల్లేరు బాతుల మీద పేలిన తుపాకీ. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆయన వేట మానేశారు. అప్పట్నుంచీ దాని పనల్లా ఎన్నికల ముందు స్టేషన్‌లో డిపాజిట్ అవ్వడం, కౌంటింగ్ అయ్యాక ఇంటికొచ్చి నూనె పూయించుకోవడం.

నాన్నగారికి 70 దాటాక, నా పేరుకి మార్పించుకోమన్నారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడికి ఇచ్చేయొచ్చు. మా భీమవరం వైపు ఈ సంగతి చాలామందికి తెలీదు. పెద్దాయన పోయాక తుపాకీ స్టేషన్‌లో పడుంటే, వారసులు సంతకాల కోసం ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతుంటారు.

ఆన్‌లైన్ దరఖాస్తు, డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్, తోబుట్టువుల అంగీకార పత్రం. అక్క సంతకం పెడుతూ, "ఆ ఇనప్ముక్క నాకెందుకురా, అమ్మ గొలుసు మాత్రం నాకే" అంది.

విచారణకి వచ్చిన కానిస్టేబుల్‌గారు కాఫీ తాగుతూ అడిగారు.

"తుపాకీ దేనికండీ, చెరువుల కాపలాకా?"

"ఆటకండీ. గాల్లోకి బిళ్లలు విసురుతారు, పేల్చాలి."

"అదేం ఆటండీ బాబూ!"

2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చాడని చెప్తే, "ఓహో, అదాండీ" అని ముఖం విప్పారు.

లైసెన్సు చేతికొచ్చాక మొదట చూడాల్సింది చెల్లుబాటు ప్రాంతం. నాదాంట్లో ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. నేను నేర్చుకోవాలనుకున్న రేంజ్ హైదరాబాద్‌లో. కాబట్టి తుపాకీ ఇంట్లోనే ఉండిపోయింది, నేను బయల్దేరాను. అక్కడ క్లబ్ తుపాకీతోనే నేర్పించారు.

ఈ బిళ్లల ఆటలో ట్రాప్, స్కీట్ అని రకాలున్నాయి. ట్రాప్‌లో బిళ్ల మనకి దూరంగా, గంటకి వంద కిలోమీటర్లకి పైన వేగంతో పోతుంది. ఎటు పోతుందో ముందు తెలీదు, అయితే ఒక్కో బిళ్లకి రెండు తూటాలు కాల్చొచ్చు. స్కీట్‌లో రెండు గదుల నుంచి బిళ్లలు వచ్చే దారి ఎప్పుడూ అదే. కానీ బిళ్ల కనిపించేదాకా తుపాకీ మడమ నడుం దగ్గరే ఉండాలి. బిళ్ల కోసం మనం కేకేశాక అది మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఉన్నది ఒకటే తూటా. టెన్షనంతా ఆ మూడు సెకన్లలోనే. చూసేవాళ్లకి స్కీట్ తేలికనిపిస్తుంది గానీ నా ఓటు ట్రాప్‌కే.

బిళ్ల వెడల్పు 11 సెంటీమీటర్లు, అంతే. తూటాలోంచి చిమ్మే నా గుళ్లన్నీ దాని వెనకాలే పోయేవి. కోచ్‌గారు గొట్టం చివరుండే గురి గింజ వైపు చూడనిచ్చేవారు కాదు. చెంప తుపాకీ కర్రకి ఆనించి, కళ్లు బిళ్ల మీదే ఉంచి, గొట్టాన్ని దాన్ని దాటించి తిప్పమనేవారు. రాత్రి ఫోన్‌లో నాన్నగారికి చెప్తే ఒకటే అడిగారు.

"ట్రిగ్గర్ నొక్కగానే చెయ్యి ఆపేస్తున్నావు కదూ?"

ఆయన ఎన్నడూ రేంజ్ చూడలేదు. చిన్నప్పుడు తాతగారి వెనక తూటాల సంచీ మోశారంతే.

మర్నాడు చెయ్యి ఆపకుండా తిప్పాను. బిళ్ల నల్లపొడై రాలింది. ఆ తర్వాతవి అన్నీ పగల్లేదు లెండి.

ఇప్పుడు చెల్లుబాటు దేశమంతటికీ పొడిగించమని దరఖాస్తు పెట్టాను. తాతగారి తుపాకీ ఎడమ గొట్టం ఫుల్ చోక్, అంటే చివర బాగా ఇరుకు, గుళ్లు దగ్గరదగ్గరగా పోతాయి. స్కీట్‌కి పనికిరాదుగానీ ట్రాప్‌లో రెండో తూటాకి బాగుంటుందన్నారు కోచ్‌గారు. ముందు ఓ మంచి గన్‌స్మిత్‌కి చూపించి గొట్టాలు పరీక్ష చేయించాలి.