మిడిమిడి జ్ఞానం, మా తెలుగు క్లాసు

మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా ముందు ఆ వార్షికోత్సవం సంగతే ఎత్తుతారు. అతిథి పరిచయం చదువుతున్న మావాడు "వీరికి సాహిత్యంతో పాటు సంగీతంలోనూ మిడిమిడి జ్ఞానం ఉంది" అనేశాడు. కొద్దో గొప్పో తెలుసని వాడి ఉద్దేశం, పాపం. ముందు వరసలో మాస్టార్లు తలలు దించుకున్నారు. అతిథి మాత్రం పడీపడీ నవ్వి, మైకు అందగానే "తెలివి యొకింత లేనియెడఁ దృప్తుఁడనై" అంటూ పద్యమంతా చదివేశారు.

మర్నాడు తెలుగు మాస్టారు పాఠం పక్కన పెట్టి ఆ మాటే పట్టుకున్నారు. "తిట్టురా అది!" అన్నారు. తెలిసింది గోరంతయినా, అంతా తెలుసన్న ధీమా తోడైతేనే మిడిమిడి జ్ఞానం. తెలియదని ఒప్పుకునేవాడి జోలికి ఆ మాట పోదు. మర్యాదగా చెప్పాలంటే 'సంగీతంలో ప్రవేశం ఉంది' అంటే సరి. 'అరకొర'లో లోటే తప్ప గర్వం లేదు. జీతం దగ్గర్నుంచి సౌకర్యాల దాకా దేనికైనా అతుకుతుంది. మిడిమిడి జీతం అని ఎవరూ అనరు కదా! 'నాకున్న మిడిమిడి జ్ఞానంతో చెబుతున్నాను' అని మనమే అనుకుంటే వినయం. ఎదుటివాణ్ణి అంటే కయ్యం.

ఆ పద్యం భర్తృహరి నీతిశతకానికి ఏనుగు లక్ష్మణకవి తెనుగు సేత. మాస్టారు మూలశ్లోకం కూడా బోర్డు మీద రాశారు. అందులో 'కించిజ్ఞుడు' అని ఉంది, అంటే కాస్త తెలిసినవాడు. ఆ కాస్తతోనే మదపుటేనుగులా సర్వజ్ఞుణ్ణనుకున్నాడు. పండితుల దగ్గర కొంచెం కొంచెం తెలుసుకున్నాక ఆ మదం జ్వరంలా దిగిపోయింది. తెనుగులోనేమో 'తెలివి యొకింత లేనియెడ', అంటే తెలివి బొత్తిగా లేనప్పుడు. నాకు మూలమే నిజమనిపించింది, ఇప్పటికీ అంతే. బొత్తిగా తెలియనివాడికి విర్రవీగడానికి సరుకేది?

లేచి ఆ మాటే అడిగాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చంపకమాలలో ఇమడాలి కదరా, కవి కష్టం కవిది" అన్నారు. కాసేపాగి, "అడిగింది బాగానే ఉంది గానీ పరీక్షలో మాత్రం రాయకు. తాత్పర్యానికే మార్కులు" అన్నారు.