క్రాంక్‌బెయిట్‌కు తేలికైన రాడ్, రీల్: బరువు ఎక్కడ తగ్గించుకోవాలి

బాస్ చేపల కోసం క్రాంక్‌బెయిట్ అనే, లాగితే ఈదే చేపలా కదిలే కృత్రిమ ఎర వాడేవారి చేతికి విశ్రాంతి ఉండదు. ప్లాస్టిక్ పురుగునో జిగ్‌నో (తలకు బరువు బిగించిన హుక్) అడుగున వదిలి నిదానంగా వేచి చూడవచ్చు గానీ, క్రాంక్‌బెయిట్ నీటిలో కదులుతున్నంతసేపే పనిచేస్తుంది. చుట్టడం ఆపితే చాలా రకాలు పైకి తేలిపోతాయి. విసరడం, చుట్టడం, మళ్లీ విసరడం గంటల తరబడి సాగుతాయి కాబట్టి మణికట్టు మీద, ముంజేతి మీద పడే భారం చాలా ఎక్కువ. అందుకే తేలికైన రాడ్ (గాలపు కర్ర), రీల్ (లైన్ చుట్టే చక్రం) కావాలని అందరూ కోరుకుంటారు. అయితే తూకంలో అన్నిటికన్నా తేలికగా ఉన్న రాడ్‌ను ఎంచుకుంటే చేతికి సుఖమే గానీ, ముల్లు తగిలిన చేపలు చాలా జారిపోతాయి. ఈ వేటలో బరువును ముందుగా రీల్‌లో తగ్గించుకోవాలనీ, రాడ్ విషయంలో మాత్రం మెత్తదనం ఉందని రూఢి చేసుకున్న తరువాతే గ్రాముల లెక్క చూడాలనీ నా గట్టి అభిప్రాయం.

దీనికి కారణం ఎరలోనే ఉంది. క్రాంక్‌బెయిట్ ముందు భాగంలో లిప్ అనే పలక ఉంటుంది. మనం లాగినప్పుడు నీటి ఒత్తిడి ఆ పలక మీద పడి, ఎర అటూ ఇటూ కొట్టుకుంటూ కిందికి దిగుతుంది. దాని పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి ముళ్లున్న ట్రెబుల్ హుక్‌లు వేలాడుతుంటాయి. ఈ ముళ్లు చిన్నవి, సన్నవి. పెద్ద ఒంటి హుక్‌లాగా దవడలోకి లోతుగా దిగవు. పైగా బాస్ ఎరను కొరకదు, పీల్చుకుంటుంది. నోరు తెరిచి, మొప్పలు విప్పి, నీటితోపాటు ఎరను లోపలికి లాక్కుంటుంది. ఆ క్షణంలో రాడ్ బిరుసుగా ఉంటే ఎర పూర్తిగా నోట్లోకి చేరకముందే బయటికి వచ్చేస్తుంది, లేదా ఒక్క ముల్లు మాత్రం పెదవి అంచున పైపైన తగులుతుంది. మెత్తని రాడ్ అయితే తాను వంగుతూ ఎరను చేపతోపాటు కాస్త దూరం పోనిస్తుంది. చేప పట్టుబడిన తరువాత కూడా ఈ గుణమే అక్కరకు వస్తుంది. బాస్ నీటి పైకి ఎగిరి తల విదిలించినప్పుడు రాడ్‌లోని వంపు లైన్‌ను బిగువు సడలకుండా ఉంచుతుంది. బిరుసు రాడ్ మాత్రం ప్రతి కుదుపునూ నేరుగా ముల్లు దిగిన చోటికి చేర్చి, ఆ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది.

రాడ్ మీద రాసి ఉండే యాక్షన్, పవర్ అనే రెండు మాటలను కలిపి చూడకూడదు. రాడ్ ఎక్కడి నుంచి వంగుతుందో యాక్షన్ తెలుపుతుంది. వంచడానికి ఎంత బలం కావాలో పవర్ తెలుపుతుంది. ఫాస్ట్ యాక్షన్ రాడ్ కొన దగ్గరే వంగుతుంది, మోడరేట్ యాక్షన్ రాడ్ దాదాపు సగం వరకు వంగుతుంది. క్రాంక్‌బెయిట్‌కు కావలసింది మోడరేట్ యాక్షన్, మీడియం పవర్. అయితే ఒక తయారీదారు మోడరేట్ అన్నదాన్ని మరొకరు మోడరేట్ ఫాస్ట్ అనవచ్చు కనుక, నేను రాతను నమ్మకుండా వంపునే చూస్తాను. రీల్ బిగించి, లైన్‌ను గైడ్ల (రాడ్ మీది ఉంగరాల) గుండా పోనిచ్చి, దాని కొసను తోటివారి చేతికిచ్చి మెల్లగా లాగమంటాను. మొదట కొన వంగుతుంది. బలం పెరిగేకొద్దీ ఆ వంపు మధ్య భాగం వరకు ఎక్కడా విరుపు లేకుండా దిగాలి, పిడికి దగ్గరి భాగం మాత్రం నిటారుగా నిలబడాలి. కొన వంగి, ఆ వెంటనే కర్రలాగా బిగుసుకుపోయే రాడ్ ఎంత తేలికైనదైనా జిగ్‌కు పనికివస్తుంది గానీ దీనికి పనికిరాదు.

ఇక రాడ్ బరువు దేని మీద ఆధారపడుతుందో చూద్దాం. ఫైబర్‌గ్లాస్ మెత్తగా, నిదానంగా వంగుతుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. కానీ బరువెక్కువ, ఆ బరువు కొన వైపు తెలుస్తుంది. గ్రాఫైట్ తేలికైనది, బిరుసైనది. గ్రాఫైట్ నాణ్యత చెప్పేటప్పుడు మాడ్యులస్ అనే మాట వాడతారు, అది పదార్థం బిరుసుదనానికి కొలత. మాడ్యులస్ ఎక్కువైతే కావలసిన బిరుసు తక్కువ పదార్థంతోనే వస్తుంది కాబట్టి రాడ్ గోడ పలచబడుతుంది, బరువు తగ్గుతుంది. ఈ కారణం వల్లనే మరీ తేలికైన రాడ్లలో ఎక్కువ భాగం చురుకుగా, బిరుసుగా ఉంటాయి, అంచు మీద దెబ్బ తగిలితే విరిగే ప్రమాదమూ వాటికే ఎక్కువ. రెండిటినీ కలిపి చేసిన కాంపోజిట్ రాడ్లు నడిమి దారి. మధ్యస్థ మాడ్యులస్ గ్రాఫైట్‌తోనే మోడరేట్‌గా వంగేలా మలచిన రాడ్లు కూడా ఉన్నాయి. తేలికదనమే ముఖ్యమనుకునేవారికి నేను వీటినే సూచిస్తాను. ఎర రాళ్లకు, మునిగిన కొమ్మలకు తగిలినప్పుడు ఆ స్పర్శ వీటిలో ఫైబర్‌గ్లాస్‌లో కన్నా స్పష్టంగా చేతికి అందుతుంది. క్రాంక్‌బెయిట్ వేటలో చాలా కాట్లు అలా తగిలి పక్కకు మళ్లిన క్షణంలోనే పడతాయి కనుక ఇది చిన్న లాభం కాదు.

పొడవు విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు. ఒడ్డు పక్కన, దుంగల మధ్య గురి చూసి విసరడానికి 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల వరకు చాలు. రాడ్ మీద ఎర బరువు పరిధి 1/4 నుంచి 5/8 ఔన్సు వరకు, అంటే సుమారు 7 నుంచి 18 గ్రాముల వరకు రాసి ఉంటే, 2 నుంచి 5 అడుగుల లోతుకు దిగే స్క్వేర్‌బిల్ (చదరపు లిప్ ఉన్న) ఎరలతోపాటు 10 అడుగుల వరకు దిగే మధ్యరకం ఎరలు చాలావరకు అందులో ఇమిడిపోతాయి. రాపాలా సంస్థ డీటీ వరుసలో పేరులోని అంకే దిగే లోతును అడుగుల్లో చెబుతుంది: డీటీ 6, డీటీ 10 ఇటువంటి రాడ్‌కు సరిగ్గా సరిపోతాయి.

అసలు ఆదా రీల్‌లో ఉంది. మామూలు లో-ప్రొఫైల్ బెయిట్‌కాస్టింగ్ రీల్ (రాడ్ పైన కూర్చునే, విసిరినప్పుడు స్పూల్ తిరిగే పొట్టి రీల్) 200 గ్రాముల అటూ ఇటూ తూగితే, తేలికైనవి 150 నుంచి 170 గ్రాములలో దొరుకుతాయి. అయితే క్రాంక్‌బెయిట్‌కు రీల్ ఎంచుకునేటప్పుడు బరువు కన్నా ముందు గేర్ రేషియో, అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లైన్ చుట్టుకునే స్పూల్ ఎన్నిసార్లు తిరుగుతుందో చూడాలి. 34 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్పూల్ నిండా లైన్ ఉన్నప్పుడు 5.3:1 రీల్ ఒక్క తిప్పుకు సుమారు 22 అంగుళాలు చుడుతుంది, 7.1:1 రీల్ సుమారు 30 అంగుళాలు చుడుతుంది. వేగం ఎక్కువైన కొద్దీ నీటి నిరోధాన్ని తట్టుకుని తిప్పడానికి మణికట్టు మరింత బలం పెట్టవలసి వస్తుంది. కాబట్టి 150 గ్రాముల 7.1:1 రీల్ కన్నా 190 గ్రాముల 5.3:1 రీల్ సాయంత్రానికి చేతికి తేలికగా అనిపిస్తుంది; పెద్ద లిప్ ఉన్న ఎరలతో ఈ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. లోతు తక్కువ ఎరలకు, ఒకే రీల్‌తో గడుపుకోవాలనుకునేవారికి 6.3:1 ప్రాంతం బాగుంటుంది. చేప పడవ వైపు దూసుకు వచ్చినప్పుడు లైన్ వదులు కాకుండా చుట్టుకోవడానికి ఆ మాత్రం వేగం ఉపయోగపడుతుంది. హ్యాండిల్ కొంచెం పొడవుగా, పట్టుపిడులు వేళ్లకు నిండుగా ఉండడం కూడా నాకు ముఖ్యం. బరువు తగ్గించడానికి హ్యాండిల్‌ను కురచ చేసిన రీల్‌ను ఈ పనికి తీసుకోను.

తేలికైన ఎరలు విసరాలంటే రీల్ మొత్తం బరువు కన్నా స్పూల్ బరువు ఎక్కువ ప్రభావం చూపుతుంది. తేలికైన, లోతు తక్కువ స్పూల్ చిన్న ఎర లాగినా వెంటనే తిరుగుతుంది, తక్కువ బ్రేక్‌తో అదుపులో ఉంటుంది. బరువైన స్పూల్ ఆలస్యంగా వేగం అందుకుని, ఎర నెమ్మదించిన తరువాత కూడా తిరుగుతూనే ఉండి లైన్‌ను చిక్కులు వేస్తుంది.

రాడ్, రీల్ కలిపిన తరువాత తూకం ఎక్కడ నిలుస్తుందో చూడడం కొందరు మరిచిపోతారు. రీల్‌కు కాస్త ముందు, పిడి కింద చూపుడు వేలు పెట్టి, రాడ్‌ను దాని మీద నిలబెట్టండి. కొన వైపు గబుక్కున వాలిపోతే ఆ జత కాగితం మీద తేలికే గానీ చేతిలో బరువే, ఎందుకంటే కొన దగ్గరి 10 గ్రాములు రీల్ దగ్గరి 40 గ్రాముల కన్నా మణికట్టును ఎక్కువగా లాగుతాయి. అయినా క్రాంక్‌బెయిట్‌ను చాలావరకు రాడ్ కొన నీటి వైపు దించి చుడతాం కనుక, కొద్దిపాటి వాలును ఇక్కడ సహించవచ్చు. రాడ్‌ను రోజంతా పైకెత్తి పట్టుకునే జిగ్ వేటలో మాత్రం అది కుదరదు. తేలికైన రీల్‌ను ఈ పనిలో ధైర్యంగా వాడుకోవడానికి ఇదొక కారణం.

మరీ చిన్న ఎరలకు వేరే మార్గం ఉంది. 1982లో వచ్చిన రాపాలా షాడ్ ర్యాప్ బాల్సా కర్రతో చేసిన ఎర. అందులో 5 సెంటీమీటర్ల రకం 5 గ్రాములే తూగుతుంది. ఎదురుగాలిలో దాన్ని మామూలు బెయిట్‌కాస్టింగ్ రీల్‌తో విసరడం కష్టం. దానికి 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, విసిరినప్పుడు స్పూల్ తిరగని 2500 సైజు స్పిన్నింగ్ రీల్ ఎంతో హాయిగా ఉంటాయి. దాని మీద సన్నని అల్లిన లైన్ వేసి, చివర ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకు ముందు కట్టే పొట్టి లైన్ ముక్క) కట్టుకుంటే సరిపోతుంది. అల్లిన లైన్‌కు సాగే గుణం దాదాపు లేదు కనుక ఆ సాగుదలను రాడ్ వంపే అందించాలి. బెయిట్‌కాస్టింగ్ జతకు మాత్రం 10 లేదా 12 పౌండ్ల లాగుడును తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్ నా మొదటి ఎంపిక: అది నీటిలో మునుగుతుంది, కాస్త సాగుతుంది. లైన్ ఎంత సన్నగా ఉంటే ఎర అంత లోతుకు దిగుతుంది. ఎర నీటి పైభాగంలోనే తిరగాలనుకున్నప్పుడు తేలికగా మునగని నైలాన్ మోనో లైన్ మేలు.

ఇంత చెప్పినా, 15 అడుగులకు మించి దిగే ఎరల దగ్గర ఈ తేలిక జత ఆగిపోతుంది. వాటి పెద్ద లిప్‌లు నీటిని బలంగా పట్టుకుంటాయి. మీడియం పవర్ రాడ్ ఆ లాగుడుకే సగం వంగిపోతుంది, చేప తగిలినప్పుడు ముల్లు దింపడానికి దానిలో బలం మిగలదు. 7 అడుగుల 6 అంగుళాలకు తగ్గని మీడియం హెవీ రాడ్, 5:1 ప్రాంతంలోని దృఢమైన పెద్ద రీల్ వాటికి కావాలి, అక్కడ బరువును ఒప్పుకోక తప్పదు. ఆ లోతుల్లో ఎప్పుడో గానీ వేటాడనివారు ఆ రెండో జత కోసం తొందరపడకుండా, 10 అడుగుల లోపు ఎరలతో మొదటి జతనే తృప్తిగా వాడుకోవచ్చు.