జవాబు తెలుగులో రాయనిచ్చి చూడండి

పోయిన నెల మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇంగ్లీషులో ఒక చిన్న పరీక్ష పెట్టాను. బోర్డు మీద ఇలా రాశాను: "ద టోర్వీ గోర్న్స్ వర్ మిల్పింగ్ నియర్ ద టెల్క్. ఎ టాల్ వుబ్ కేమ్ అండ్ జెస్క్డ్ దెమ్." కింద రెండు ప్రశ్నలు. గోర్న్స్ ఎక్కడ మిల్పింగ్ చేస్తున్నాయి? వాటిని జెస్క్ చేసింది ఎవరు? టోర్వీ, గోర్న్, మిల్ప్, టెల్క్, వుబ్, జెస్క్ అనే మాటలు ఇంగ్లీషులో లేవు, ముందురోజు రాత్రి నేను కూర్చుని కల్పించినవి. ఐదు నిమిషాల్లో నోటుబుక్కులు నా టేబుల్ మీదకి వచ్చేశాయి. ఇద్దరు ముగ్గురు తప్ప క్లాసంతా రెండు ప్రశ్నలకీ సరైన జవాబే రాశారు. "ద గోర్న్స్ వర్ మిల్పింగ్ నియర్ ద టెల్క్." క్యాపిటల్ లెటరు ఉంది, చివర ఫుల్‌స్టాప్ ఉంది, దస్తూరీ కూడా బాగుంది. మామూలు పరీక్షలో అయితే ఫుల్ మార్కులు వేసేదాన్ని.

"సరే, ఇంతకీ గోర్న్స్ అంటే ఏంటి?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మేడం, అర్థం కూడా రాయాలా?" అంది.

ఆ పిల్ల తప్పేం లేదు. అలా నేర్పింది నేనే. జనవరి వచ్చిందంటే పదో తరగతికి స్లిప్ టెస్టులు, ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, వెనకబడిన పిల్లల పేర్లతో విడిగా లిస్టు. ఆ పిల్లలు ఎలాగోలా 35 దాటాలి. అప్పుడు మేం చెప్పే మొదటి చిట్కా ఏంటంటే, ప్రశ్నలో ఉన్న మాటని ప్యాసేజ్‌లో వెతుకు, దొరికిన లైను ఉన్నదున్నట్టు దించెయ్. ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. దాంతో చాలామంది గట్టెక్కారు, అది కాదనను. కానీ గట్టెక్కినవాళ్లకి ప్యాసేజ్‌లో ఏముందో తెలుసా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ సంగతి నేనెప్పుడూ పరీక్షించనే లేదు. పరీక్ష పెట్టాను, మార్కులు వేశాను, రిజిస్టర్‌లో ఎక్కించాను, అంతే.

చదవడం, అర్థం చేసుకోవడం వేర్వేరు అనేది నా ఒక్క క్లాసు సంగతే కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే 2023లో పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని పరీక్షించింది. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలో అర్థం చెప్పగలిగింది ముప్పావు వంతు కంటే కాస్త తక్కువ. అంటే గడగడా చదివేసిన ప్రతి నలుగురిలో ఒకరికి తను చదివింది ఏంటో తెలియదు. ఈ సర్వేలో నాకు బాగా నచ్చింది వాళ్లు అర్థం అడిగే పద్ధతి. వాక్యం ఇంగ్లీషులో చదివిస్తారు, అర్థం మాత్రం పిల్లవాడి భాషలోనే చెప్పనిస్తారు.

అది చూశాకే నేనూ మొదలుపెట్టాను. ప్యాసేజ్ ఇంగ్లీషులోనే ఇస్తున్నాను. ప్రశ్న తెలుగులో అడుగుతున్నాను, జవాబు కూడా తెలుగులోనే రాయమంటున్నాను. మొదటిసారి పాఠ్యపుస్తకం జోలికి పోకుండా పురుగుమందు డబ్బా మీద అంటించే కాగితం తీసుకున్నాను. మా పిల్లల ఇళ్లలో ఆ డబ్బా లేని ఇల్లు తక్కువ. దాని మీది రంగు త్రికోణం అందరూ చూసిందే, ఎరుపు ఉంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, అన్నిటికంటే తక్కువ విషమైతే ఆకుపచ్చ. కింద చిన్న అక్షరాల్లో జాగ్రత్తలు ఉంటాయి, అందులోంచి ఆరు వాక్యాలు రాసిచ్చాను. వాటిలో ఒకటి, "అవాయిడ్ స్ప్రేయింగ్ అగెయిన్స్ట్ ద విండ్."

ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి ఉన్నాడు. ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో వాడికి పాస్ మార్కులు రావు, ఇంగ్లీషులో నాలుగు మాటలు రాస్తే మూడింట్లో స్పెల్లింగ్ తప్పు. వాడు తెలుగులో ఇలా రాశాడు: "గాలికి ఎదురు కొట్టకూడదు. కొడితే మందు మన మొహాన పడుద్ది." రెండో వాక్యం ఆ కాగితంలో ఎక్కడా లేదు. చదివింది అర్థమై, ఆ పని ఎలా జరుగుతుందో తెలిసి, కారణం వాడంతట వాడే రాబట్టుకుని రాశాడు. మేం ట్రైనింగుల్లో ఇన్ఫరెన్స్ అని పెద్ద మాట వాడతామే, అది ఇదే. ఇన్నేళ్లలో నా పరీక్షలు వాడిలో దీన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అదే రోజు క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయి విండ్ అంటే కిటికీ అనుకుని, కిటికీకి ఎదురుగా కొట్టకూడదు అని రాసింది. ఆ పిల్లని తక్కువ చేయాలని చెప్పడం లేదు. విండ్‌కి, విండోకి తేడా తెలియదని ఆ రోజు తెలిసింది కాబట్టి మర్నాడే చెప్పగలిగాను. ఇంగ్లీషులో లైను దించి ఉంటే ఇద్దరికీ టిక్కులు పడేవి, ఆ తేడా బయటపడేదే కాదు.

స్టాఫ్ రూంలో ఇది చెబితే ముందు అందరూ అన్న మాట ఒకటే, "ఇంగ్లీషు పరీక్షలో తెలుగేంటి మేడం, అసలే ఇంగ్లీషు మీడియం, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూస్తే ఏమంటారు?" వాళ్ల భయం నాకు తెలుసు, నాకూ ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి. చదివి అర్థం చేసుకోవడం ఒక పని, ఇంగ్లీషులో వాక్యం కట్టడం ఇంకో పని. జవాబు ఇంగ్లీషులోనే రాయాలన్నప్పుడు ఆ రెండో పని రాని పిల్లవాడికి మొదటి పనిలో కూడా సున్నా పడుతుంది. రాయడం ఎంతవరకు వచ్చో చూడాలంటే దానికి వేరే పరీక్ష పెడదాం, ఉత్తరం రాయిద్దాం, నాలుగు వాక్యాలు చెప్పిద్దాం. రెండూ ఒకే ప్రశ్నలో కలిపేస్తే పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచరుకే తెలియదు, తెలియనప్పుడు ఇక ఏం నేర్పుతాం?

పదజాలం విషయంలోనూ ఇదే తంతు. అర్థం, వ్యతిరేకార్థం జతలు గైడులో ఉంటాయి, పిల్లలు బట్టీ పట్టేస్తారు, బిట్లలో పెట్టేస్తారు. ఆ మాటే ఇంకో వాక్యంలో కనబడితే గుర్తుపట్టరు. ఒకసారి ప్యాసేజ్‌లో "షీ లాస్ట్ హర్ బ్యాలెన్స్ అండ్ ఫెల్" అని వస్తే, ఒక అమ్మాయి తెలుగులో "ఆమె ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయింది, అందుకని పడిపోయింది" అని రాసింది. నాకు చాలాసేపు ఆ జవాబు మీదే మనసుంది. బ్యాలెన్స్ అనే మాట ఆ పిల్లకి తెలుసు, రోజూ వాడుతుంది, కానీ ఒక్క అర్థమే తెలుసు. మన పిల్లలకి ఇలాంటివి వందల్లో తెలుసు, చార్జర్, సిగ్నల్, టెన్షన్, రిస్క్, లోన్, కవర్. అవన్నీ తెలుగైపోయి వచ్చాయి కాబట్టి మనం లెక్కలోకి తీసుకోం. ఈ మాటలతోనే మొదలుపెట్టి, నీకు తెలిసిన అర్థం ఏంటి, ఈ వాక్యంలో ఏ అర్థంలో వచ్చింది అని అడిగితే అది నిజమైన పదపరీక్ష అవుతుంది. ఈ మధ్య నేను ఒక మాటకి రెండు వాక్యాలిచ్చి రెండింటికీ తెలుగు రాయమంటున్నాను.

ఇంకో పని కూడా చేశాను. పదో తరగతికి ఇచ్చే ఒక పాఠ్యేతర ప్యాసేజ్, దాదాపు 150 మాటలది తీసుకుని, పరీక్షకి ముందు తెలియని మాటల కింద గీత గీయమన్నాను. కొందరి కాగితాల మీద నలభై దాకా గీతలున్నాయి. పదజాలం మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన పాల్ నేషన్, ఆయనతో కలిసి పరిశోధన చేసిన మరొకరు 2000లో తేల్చిందేమిటంటే, ఎవరి సాయం లేకుండా ఒక కథ చదివి అర్థం చేసుకోవాలంటే అందులో దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలి. 150 మాటల్లో అంటే తెలియనివి మూడు. మన పిల్లవాడి దగ్గర నలభై ఉన్నాయి. ఆ ప్యాసేజ్ ఇచ్చి ఐదు ప్రశ్నలు అడిగి, వీడికి రీడింగ్ స్కిల్ లేదు అని రాసేస్తే అది అన్యాయం. అక్కడ ఏ స్కిల్లూ పరీక్షకి రాలేదు, లైను దించే చిట్కా తప్ప వాడికి వేరే దారే మిగల్లేదు. ఏ మాటలు ముందు నేర్పాలి అన్నదానికి కూడా మంచి సమాధానం ఎప్పటి నుంచో ఉంది. మైకేల్ వెస్ట్ అని బ్రిటిష్ కాలంలో ఢాకాలో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చిన ఆయన, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే కష్టం దగ్గరగా చూసినవాడు, 1953లో సుమారు రెండు వేల మాటలతో ఒక జాబితా అచ్చు వేయించాడు. ఎక్కువగా వాడుకలో ఉండే మాటలు, వాటిలో ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో సహా. బ్యాలెన్స్‌కి ఎన్ని అర్థాలున్నాయో చెప్పకుండా మాటని మాత్రమే ఇవ్వకూడదని ఆయనకి అప్పుడే తెలుసు.

గ్రామర్ గురించి ఎక్కువ చెప్పను, కానీ ప్యాసివ్ వాయిస్ గురించి చెప్పకుండా ఉండలేను. రామా కిల్డ్ రావణా ఇస్తే రావణా వాజ్ కిల్డ్ బై రామా అని కళ్లు మూసుకుని మార్చేస్తారు. ఎందుకు మార్చాలి అంటే ఎవరూ చెప్పలేరు. మా ఊరి సెంటర్లో ఒక షాపు మీద "ఇచ్చట పంచర్లు వేయబడును" అని బోర్డుంది. పిల్లల్ని అడిగాను, ఎవరు వేస్తారని రాయలేదు కదా, ఎందుకు? "ఎవరు వేస్తే ఏంటి మేడం, పంచర్ పడాలి గానీ" అన్నాడొకడు. ప్యాసివ్ వాయిస్ పాఠం అంతా అదే. ఇప్పుడు నేను మార్చమని అడగడం మానేశాను. బస్టాండులో పెట్టే నోటీసు సగం ఇచ్చి, చేసేది ఎవరో ముఖ్యం కానప్పుడు మిగతా సగం ఎలా రాస్తావు అని అడుగుతున్నాను. తప్పులు ఎక్కువే వస్తున్నాయి, కానీ ఆ తప్పులు చూస్తే ఏం చెప్పాలో తెలుస్తోంది.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి టోఫెల్ జూనియర్ అనే అమెరికా సంస్థవాళ్ల ఇంగ్లీషు పరీక్ష వచ్చి, ప్రభుత్వం మారాక 2024లో పోయింది. డబ్బుల సంగతి, మన బడికి అది అవసరమా అన్న సంగతి పక్కన పెడితే, అందులో గ్రామర్‌నీ మాటల్నీ విడి బిట్లుగా కాకుండా చిన్న చిన్న ఈమెయిల్, నోటీసు లాంటి వాటి మధ్యలో పెట్టి అడిగే పద్ధతి మనం ఉంచుకోదగినదే. దానికి విదేశీ పరీక్ష అక్కర్లేదు, ఒక టీచరు అరగంట కూర్చుంటే చాలు.

అరగంట అని ఊరికే అనలేదు, క్లోజ్ టెస్టు, అంటే ప్యాసేజ్‌లో కొన్ని మాటలు తీసేసి ఆ ఖాళీలు పిల్లలతో నింపించే పరీక్ష, తయారు చేయడానికి నాకు పట్టేది అంతే. 1953లోనే విల్సన్ టేలర్ అనే అమెరికన్ దీన్ని కనిపెట్టాడు, మొదట ఒక రచన ఎంత తేలికగా ఉందో కొలవడానికి. పిల్లలకి తెలిసిన విషయం మీద ఒక ప్యాసేజ్ తీసుకుని, మొదటి రెండు వాక్యాలు ముట్టుకోకుండా వదిలేసి, అక్కడి నుంచి ప్రతి ఏడో మాటా లెక్కపెట్టి తీసేయండి. ఏ మాట తీయాలో మీరు ఎంచుకోవద్దు, ఎంచుకుంటే మళ్లీ పాత బిట్ల దగ్గరికే వస్తాం. కుదిరే మాట ఏది రాసినా మార్కు ఇవ్వండి. దిద్దేటప్పుడు మార్కులు కూడి వదిలేయకుండా, తప్పులు ఎక్కడ పడ్డాయో చూడండి. మా క్లాసులో పేర్లు (నౌన్స్), క్రియలు చాలామంది పట్టుకున్నారు, ఎ, ఏన్, ద దగ్గర, ఇన్, ఆన్, ఎట్ దగ్గర కుప్పలుగా తప్పులు. తెలుగులో ఎ, ఏన్, ద లాంటి ఆర్టికల్సే లేవు, ఇన్, ఆన్, ఎట్ లాంటివి బడికి, బడిలో, బడి నుంచి అన్నట్టు మనకి మాట వెనక వస్తాయి, ముందు రావు. కాబట్టి ఆ తప్పులు చూసి పిల్లలకి ఏమీ రాదనుకోనక్కర్లేదు. కానీ క్రియ రావాల్సిన చోట పేరు రాసినవాళ్లు, చాలా ఖాళీలు అలాగే వదిలేసినవాళ్లు వేరు, వాళ్లని విడిగా కూర్చోబెట్టుకుని ఇంకా తేలిక ప్యాసేజ్ ఇవ్వాలి. ఒక్క పీరియడ్‌లో ఈ రెండు రకాల పిల్లల్నీ విడగొట్టి చూపించే పరీక్ష నాకు ఇంకోటి తెలియదు.

ఈ తెలుగు జవాబుల మార్కులు ఎక్కించడానికి రిజిస్టర్‌లో గడి లేదు. అందుకే ఒక లాంగ్ నోటుబుక్ పెట్టుకుని, ఒక్కో పిల్లకి, పిల్లవాడికి రెండేసి పేజీలు ఇచ్చి, జవాబు కాగితాలు అందులోనే అంటిస్తున్నాను. మొన్న తల్లిదండ్రుల మీటింగుకి ఆ చివరి బెంచీ అబ్బాయి వాళ్లమ్మ వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు చూసి తల దించుకుంది. నేను నోటుబుక్ తీసి పురుగుమందు జవాబు చూపించాను. ఆవిడ ఏడో తరగతి వరకు చదువుకుందట, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చదివాక, "ఇది వాళ్ల నాన్నకి కూడా చెప్పాడు మేడం గారూ, గాలి ఎటు ఉందో చూసుకుని కొట్టు నాన్నా అని. నేను బళ్లో తెలుగు మాస్టారు చెప్పారేమో అనుకున్నా" అంది.