నంది కొండల దిగువన పిల్లలు, కుక్కలు, తెలుగు

బెంగళూరులో స్థిరపడిన మావంటి తెలుగు కుటుంబాలలో తెలుగు క్రమంగా అమ్మమ్మగారి ఊరికి, పండుగలకు, ఫోనులో పెద్దలను పలకరించే నాలుగు మాటలకు కుదించుకుపోతోంది. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం నడుస్తుండగా, తెలుగు ఎక్కడో దూరాన ఉన్న నెల్లూరి భాష అని పిల్లలు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మా పిల్లలలో ఆ భావన సడలడానికి కారణం నంది కొండల చుట్టూ ద్రాక్షతోటల వెంబడి మా రెండు కుక్కలతో కలిసి చేసే నడకలేనని నా గట్టి నమ్మకం.

నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 1,478 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ దిగువన ఎర్రనేలలు, పగటి ఎండ, రాత్రి చల్లదనం ద్రాక్షకు బాగా అనుకూలిస్తాయి. 1988లో మొదలైన గ్రోవర్ సంస్థ వైన్ తోటలు ఈ ప్రాంతంలోనివే. అయితే మేము ఎక్కువగా తిరిగేది చిన్న రైతుల 'బెంగళూరు బ్లూ' పందిళ్ల పక్కనున్న బండిబాటలలో. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నల్లని, ఘాటైన వాసన గల పండును రసానికి, జామ్‌కు, వైన్‌కు వాడతారు. పిల్లలను వైన్ చేసే చోటికి తీసుకువెళ్లడమేమిటని మా అత్తయ్యగారు మొదట బాధపడ్డారు. పండు పులిసి మద్యమెలా అవుతుందో, మన ఇంట్లో అది ఎందుకు లేదో పిల్లలకు దాచకుండా చెప్పడమే మేలని నేను ఇప్పటికీ భావిస్తున్నాను.

కుక్కలున్నప్పుడు మాత్రం జాగ్రత్త తప్పనిసరి. ద్రాక్షపండు, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి; ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేము కనుక, రాలిన ఒక్క పండునైనా నోట పెట్టనీయకుండా గొలుసు పొట్టిగా పట్టుకునే బాధ్యతను పిల్లలకే అప్పగించాము. బూజు తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) ఆకుల మీద లేత నీలపు మరకలుగా ఎండి ఉంటుంది. ఒక ఉదయం మా నల్లోడు పందిరి కింద ముక్కు పెట్టబోతుండగా లోపలినుంచి ఒక పెద్దాయన, "పాపా, కుక్కను ఇట్లా లాక్కో, నిన్ననే మందు కొట్టినాము" అని కేకవేశారు. మా అమ్మాయి గొలుసు లాగి, "తాతా, మీరూ తెలుగువాళ్లేనా?" అని అడిగింది. ఆయన తరతరాలుగా అక్కడివారే. ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరించి రెండు కాపులు తీసే విధానాన్ని ఆయన కత్తెర చేతబట్టి, ఏ కన్ను (చిగురు వచ్చే మొగ్గ) దగ్గర కోయాలో చూపిస్తూ వివరించారు. పిల్లలు అంతసేపు కదలకుండా తెలుగు వినడం నేను అంతకుముందు చూడలేదు.

చిక్కబళ్లాపుర, కోలారు ప్రాంతాలలో తెలుగు వలసవచ్చిన భాష కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి నంది కొండకు సమీపంలోనే ఉంది. ఆయన ఇంటిపేరేమో ప్రకాశం సీమలోని ఊరిది. యోగి, కవి అయిన కైవార నారాయణ తాతయ్య తత్త్వాలు ఇక్కడే తెలుగులోనూ కన్నడంలోనూ పుట్టాయి. పైగా మా నెల్లూరి పెన్న నంది కొండల వరుసలోనే పుట్టి, అనంతపురం, కడప జిల్లాల మీదుగా సాగి సముద్రంలో కలుస్తుంది. ఈ సంగతి విన్న మా అబ్బాయి, ఇక్కడ పడిన వాన తాతగారి ఊరికి చేరుతుందా అని అడిగాడు. నదిలో చాలాకాలం నీరుండదని, దారిలో జలాశయాలున్నాయని, మంచి వానలు పడినప్పుడే ఆ ప్రశ్నకు అర్థముంటుందని ఉన్నదున్నట్లు చెప్పాను. ఈసారి వానలు నిలిచాక గౌరీబిదనూరు వైపు నది వెంట నడవాలని, ఆ దారిలో ఎదురైన రైతులతో తెలుగు మాట్లాడే పని తమదేనని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. కుక్కలకు నీళ్లగిన్నె మోసే పని నాకు మిగిల్చారు.