ఆపరేషన్ పుస్తకంలో నా పేరు

2022 జూలై 15 రాత్రి మా గోదావరి లంకలో కరెంటు లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేశారు, 17 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. వీధి అరుగు మునిగింది. నాకేమో వణుకుతో జ్వరం, కుడి డొక్కలో మొదలైన నొప్పి భుజం దాకా లాగేస్తోంది. మా అత్తయ్య సెల్‌ఫోన్ లైటు మొహం మీద వేసి, "కళ్లకి పసుపు పూసినట్టుందే అమ్మాయ్" అంది. ఆ మాట వినగానే ఇంక తెల్లారదనిపించింది నాకు.

నిజానికి ఆ రాత్రి రావక్కర్లేదు. మార్చిలోనే స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ప్రైవేటులో చేయించుకునే స్తోమత లేదు, పెద్దాసుపత్రికి వెళ్లాను. ఓపీలో చూసి, ఆపరేషన్ చెయ్యాలన్నారు, పొడుగాటి పుస్తకంలో నా పేరు రాసుకున్నారు, జూన్‌లో ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ రాలేదు. రెండు బస్సులు మారి వెళితే మత్తు డాక్టరుగారు సెలవన్నారు. జూలై మొదటి వారంలో మళ్లీ వెళ్లాను. అప్పటికి రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గింది, ఆ సంగతే చెప్పాను. పెద్ద డాక్టరు తలెత్తకుండా, "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, తట్టుకోలేనంత వస్తే రా, అప్పుడు ఎమర్జెన్సీలో చేసేస్తాం" అన్నారు. ఆయనకది గుర్తుండి ఉండదు, నేను మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

అదే రోజు ఎవరిదో సిఫారసు ఉత్తరం పట్టుకొచ్చిన ఒకాయనకి గురువారం డేటు ఇవ్వడం నా కళ్లారా చూశాను. బెంచీ మీద నా పక్కన ముమ్మిడివరం వైపు ఆవిడ ఉంది, తనకీ అవే రాళ్లు, జనవరి నుంచి తిరుగుతోందట. తన టిఫిన్ డబ్బాలో ఇడ్లీ సగం నాకు పెట్టింది.

ఆ రాత్రి మా ఆశా కార్యకర్త మోకాలి లోతు నీళ్లలో వచ్చింది. ఎవరెవరికో ఫోన్లు చేసి ఇంజన్ పడవ మాట్లాడింది. అరటి తోటలు ఎక్కడున్నాయో తెలియడం లేదు, కొబ్బరిచెట్ల మధ్య నుంచి పోతున్నాం, టార్చి వేస్తే ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. మా ఆయన నా చెయ్యి వదల్లేదు. వాడపల్లి వెంకన్నబాబుకి ఏడు శనివారాలు వస్తానని మొక్కుకున్నాను. గట్టెక్కాక 108లో పడుకోబెట్టారు, ఆ తర్వాత సంగతులు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి.

క్యాజువాలిటీలో ఒక పీజీ డాక్టరమ్మ, మా పెద్దమ్మాయి వయసుంటుందేమో, కళ్లు చూసి వెంటనే సెలైన్ పెట్టించింది. రాయి జారి పైత్యరసం గొట్టంలో అడ్డుపడిందని, దానివల్లే కామెర్లు, లోపల చీము పడుతోందని మా ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. తెల్లారేదాకా నా దగ్గరికి వచ్చి వెళుతూనే ఉంది. తర్వాత నోట్లోంచి గొట్టం వేసి రాయి తీశారు, పన్నెండు రోజులకి పిత్తాశయం కూడా తీసేశారు. ఆరోగ్యశ్రీలో ఒక్క రూపాయి పడలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

కానీ కోపం పోలేదండీ. అదే ఆసుపత్రి, అదే ఆపరేషన్, జూన్‌లో అయిపోవాల్సింది. మా మరిది "ప్రైవేటుకెళితే ఎప్పుడో అయిపోయేది వదినా" అన్నప్పుడు వాడి మీదా కోపం వచ్చింది, అది వేరే సంగతి.

నేను అంగన్‌వాడీ టీచర్ని. నెలనెలా పిల్లల బరువు తూచి చార్టులో చుక్క పెడతాం. ఆకుపచ్చ పట్టీలో ఉన్న పిల్లాడు పసుపులోకో నారింజలోకో జారితే, పేరు రిజిస్టరులో ఎన్నోదని చూడం, ముందు వాడి ఇంటికే వెళతాం. ఆసుపత్రి పుస్తకంలో ఆ పట్టీలే లేవు. రాసిన రోజు నా ఒళ్లు ఎలా ఉందో అదే లెక్క. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చినా ఆ పుస్తకానికి తెలియదు, తెలిపే దారీ లేదు. ఆ లిస్టులో ఉన్నవాళ్లకి నెలకొకసారి ఫోన్ చేసి నొప్పి వచ్చిందా, జ్వరం వచ్చిందా అని అడగడానికి ఒక మనిషి చాలు. ఎవరైనా ఆ రోజు రాకపోతే తర్వాత నంబరు వాళ్లని పిలవొచ్చు. వరస గోడ మీద అంటిస్తే, పేర్లు వద్దు, నంబర్లే చాలు, ఉత్తరం తెచ్చినాయన ఎవర్ని దాటి వెళ్లాడో అందరికీ కనిపిస్తుంది.

ఇప్పుడు ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ పెడుతున్నారు, ఆభా అని 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరుంటే టోకెన్ ఫోన్‌కే వస్తుంది. మంచిదే, కానీ అది చీటీ వరసకి, ఆపరేషన్ వరసకి కాదు. మా పెద్దనాన్నగారి మనవరాలు ఇంగ్లండులో నర్సు. అక్కడ డాక్టరు రాసి పంపిన రోజు నుంచి 18 వారాల్లో, నూటికి 92 మందికైనా వైద్యం మొదలవ్వాలని నియమమట. ఈమధ్య అక్కడా అది నిలబడటం లేదంది. అయినా ఎంతమందికి దాటిందో లెక్క బయటపెడతారు. మా పుస్తకం అట్ట వేసి బీరువాలో పెడతారు.

మీలో ఎవరైనా అలా ఆగుతూ ఉంటే, ఓపీ చీటీ మీద తేదీ, సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వండి. రాళ్లున్నవాళ్లకి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, చలి జ్వరం వచ్చినా వరస కోసం చూడొద్దు, ఆ రాత్రికి ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్లిపోండి.

ఆరు శనివారాలు అయ్యాక, సెప్టెంబరులో, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "మీ ఆపరేషన్ వరస వచ్చిందమ్మా, సోమవారం వచ్చి చేరండి" అన్నాడు అబ్బాయి. మీ దగ్గరే అయిపోయింది బాబూ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అయితే నా చోటు ముమ్మిడివరం ఆవిడకి ఇవ్వమన్నాను, జనవరి నుంచి ఉందని చెప్పాను. "పేరేంటమ్మా?" అన్నాడు. ఇడ్లీ తిన్నాను గానీ పేరు అడగలేదు.