పండురీతి కొలువు: నాన్న సంగీత కచేరీల కాగితాలతో ఏడు నెలలు

చెన్నైలో మాంబళం ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీంచి నాన్న ట్రంకు పెట్టె దిగింది. నిండా కాగితాలు. డిసెంబరు సంగీతం సీజన్ పుస్తకాలు, కచేరీలు పెట్టే సభలు నెలనెలా పంపే కార్డులు, కార్పొరేషన్ హాళ్లలో జరిగిన ఉచిత కచేరీల కరపత్రాలు. అట్టడుగున తాతయ్య కాలంనాటి తెలుగు నాటకాల ప్రకటనలు రెండు, విక్టోరియా పబ్లిక్ హాలువి. సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిప్పన్ బిల్డింగు పక్కనుండే ఎర్ర భవనం అది. 1883లో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. బస్సు అటు వెళ్లిన ప్రతిసారీ నాన్న ఆ సంగతి కొత్తగా చెప్పేవారు.

"తూకానికి వేసేద్దాం అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే పెద్దాయన ఇంట్లో పోగేసిన పుస్తకాలూ నోటీసులే 1994లో చెన్నైలో ఒక పరిశోధన గ్రంథాలయంగా మారాయని చెప్పి వాడి నోరు మూయించాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం నాకూ తెలియదు.

ముందు ఒక సంస్థకు ఫోను చేశాను. జాబితా లేకుండా పెట్టె తీసుకోం అన్నారు. జాబితా పట్టుకెళితే ముందు స్కాన్ చేయించమన్నారు. సరేనని మా వీధి చివర కొట్టులో రెండొందల కాగితాలు ఇచ్చాను. మూడు రోజుల్లో పెన్‌డ్రైవు చేతిలో పెట్టాడు. కాగితాలన్నీ మల్లెపువ్వుల్లా తెల్లగా వచ్చాయి. పసుపు మరకలు లేవు, మడతలు లేవు. నాన్న పెన్సిలు రాతా లేదు.

కచేరీ నోటీసులో పాటలు ఉండవు. పాడేదెవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఎన్ని గంటలకు, అంతే. ఏం పాడాలో చాలామంది విద్వాంసులు వేదిక ఎక్కాకే తేల్చుకుంటారు. కాబట్టి అచ్చయిన వైపు చూస్తే కచేరీ ఉంటుందన్న కబురు తెలుస్తుంది తప్ప కచేరీ తెలియదు. అది వెనక వైపు ఉంది, నాన్న చీకట్లో ఒళ్లో పెట్టుకుని గీకిన వరసలో: వర్ణంతో మొదలుపెట్టి మంగళం దాకా, రాగం పేరుతో సహా. ఆ కొట్టువాడు నలుపు తెలుపులో స్కాన్ చేసి, పైగా 'క్లీన్' అనే మీట నొక్కాడు. పెన్సిలు గీతలన్నీ మురికి కింద లెక్కకట్టి యంత్రం తుడిచేసింది. వాడిది తప్పనను, నేను చెప్పలేదు. చివరికి ఒక స్కానరు కొని రంగుల్లో, 400 డీపీఐలో, రెండు వైపులా మళ్లీ మొదలుపెట్టాను. ఖాళీగా కనిపించిన వెనక వైపులూ వదల్లేదు. లైటు ఏటవాలుగా పట్టి చూస్తే వాటిలో కొన్నింటి మీదా రాతలున్నాయి.

తుప్పు పట్టిన గుండుసూదులు తియ్యడం, మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టడం... వీటికి రెండు నెలలు పోయాయి. లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందని సలహా ఇచ్చినవాళ్లు కనీసం పదిమంది. వినకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్కును కాగితం చెడకుండా మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం.

అసలు సరదా తేదీల దగ్గర. నోటీసు అందుకున్నవాడికి ఏ సంవత్సరమో తెలుసు కదా, అందుకే చాలావాటి మీద వెయ్యలేదు. "డిసెంబరు 27, ఆదివారం", అంతే. 1953, 1959, 1964, 1970, ఈ నాలుగేళ్లలోనూ ఆ తేదీ ఆదివారమే. టికెట్టు చూస్తే 50 నయాపైసలు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1964 జూన్ నుంచి 'నయా' ఊడిపోయింది. అంటే 1959. "అచ్చాఫీసువాడు పాత అలవాటు కొద్దీ వేసుంటాడేమోరా" అని మేనత్త పేచీ పెట్టింది. నిజమే. పక్కన 'బహుశా' అని చేర్చాను. ఇలాంటి పట్లు చాలా దొరికాయి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ ఉంటే, ఆయన పోయిన 1964 నవంబరు దాటదు. బాలమురళి పేరు ముందు 'సంగీత కళానిధి' బిరుదు ఉంటే, అది వచ్చిన 1978కి ముందుది కాదు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదే.

పాటల పేర్ల దగ్గర మాత్రం మేనత్త లేకపోతే మునిగిపోయేవాణ్ణి. నాన్న బడిలో నేర్చింది తమిళం. ఇంట్లో తెలుగు, రాత తమిళ లిపి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. సంగీతం పుస్తకాల్లో అయితే పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపిస్తారు, చీకటి హాల్లో నాన్నకు అంత తీరికెక్కడిది? నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని "కిరిపై నెలకొన్న" అని చదివితే అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"కిరి అంటే అడవిపందిరా! రాముణ్ణి పంది మీద ఎక్కించావు. గిరిపై, సహాన రాగం."

మరునాడు "పండురీతి కొలువు" అన్నాను.

"ఏ పండు, అరటిపండా? బంటురీతి."

కొన్నిచోట్ల 'ఎవ' అని మాత్రం రాసి వదిలేశారు నాన్న. పక్కన రాగం ఉంటే ఆవిడకు చాలు. మోహనమైతే 'ఎవరురా నిను వినా', మానవతి అయితే 'ఎవరితో'. ఎనభయ్యొక్క ఏళ్ల మనిషి, కళ్లద్దాలు కూడా వెతుక్కోకుండా, రెండు ముక్కలు పాడి మరీ చెప్పేది. రాగం లేనివి 'ఎవ' గానే ఉంచాం.

చివరికి వేరే గ్రంథాలయం ఒకటి ముందుకొచ్చింది. దానపత్రం, సంతకాలు, కాపీహక్కు గురించి రెండు ఫారాలు, ఒక్క పూటలో అయిపోయాయి. పేచీ అంతా వాళ్ల పట్టికతో. కళాకారులు, హాలు, తేదీ, నిర్వాహకులు, వీటికి గడులున్నాయి, పెన్సిలు రాతకు లేదు. 'ఇతర వివరాలు'లో పడేస్తాం అన్నారు. అలా అయితే పాట పేరుతో వెతికితే దొరకదు కదా అన్నాను. మూడుసార్లు తిరిగాక 'శ్రోత రాసినవి' అని ఒక గడి తెరిచారు.

దాన్ని నింపుతున్న అమ్మాయి ఒకరోజు ఫోను చేసింది. "అంకుల్, పాటల తర్వాత 'తని అద్భుతం, క్యాంటీను కాఫీ చప్పన' అని ఉంది. కాఫీ సంగతి కూడా ఎక్కించాలా?"

తని అంటే కచేరీలో మృదంగం ఒంటిగా మోగే ఘట్టం. నేను నసుగుతుంటే అత్తయ్య ఫోను లాక్కుంది. "ఎక్కించమ్మా. తని జరుగుతుండగా క్యాంటీనుకు వెళ్లాడన్నమాట వెధవ. మరి అద్భుతమని ఎలా రాశాడో!"